పాలు పోసుకునే వేళ లాప్‌టాప్ ఆగిపోతే: వేడి వల్ల వచ్చే చిక్కు, దాని నివారణ

పాల సేకరణ కేంద్రాలకు లాప్‌టాప్‌లు వచ్చిన తరువాత సంఘాల పని చాలా వరకు తేలికైంది. త్రాసు మీద పాత్ర పెట్టగానే బరువు, మిల్క్ ఎనలైజర్‌కు నమూనా అందించగానే వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. శాతం లాప్‌టాప్‌లోకి చేరుతున్నాయి. ధర లెక్క కట్టడం, చీటీ ముద్రించడం, బిల్లు తయారు చేయడం అన్నీ అదే చేస్తున్నది. కార్యదర్శి రాత్రంతా కూర్చుని వేసే లెక్క ఇప్పుడు కొద్ది నిమిషాల పని.

ఎండలు ముదిరిన కొద్దీ ఈ లాప్‌టాప్‌లతో ఒక చిక్కు వస్తుంది. సభ్యులు వరుసలో నిలబడి పాలు పోస్తూ ఉండగా లాప్‌టాప్ ఏ హెచ్చరికా లేకుండా దానంతట అదే ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేస్తే కాసేపు పనిచేసి మళ్లీ ఆగిపోతుంది. లాప్‌టాప్ పాడైపోయిందని, కొత్తది కొనాలని వెంటనే పాలకవర్గంలో మాట వస్తుంది. చాలా సందర్భాలలో అది పాడైపోలేదు. లోపలి వేడి హద్దు మీరినందువల్ల, తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయింది. ఈ విషయాన్ని గుర్తించడం, సరిదిద్దుకోవడం, ఈ లోపు పాల లెక్క తప్పకుండా చూసుకోవడం ఎలాగో ఈ పాఠంలో వివరిస్తున్నాము.

సభ్యులకు దీనితో పని ఏమిటి?

లాప్‌టాప్ సంగతి కార్యదర్శి చూసుకుంటాడు, మనకెందుకు అని సభ్యులు అనుకోరాదు. ఆ లాప్‌టాప్ సంఘం సొమ్ముతో కొన్నది, అంటే సభ్యులందరి ఆస్తి. అంతకంటే ముఖ్యమైన సంగతి, అందులో ఉన్నది సభ్యుల పాల లెక్క.

ఒక ఉదాహరణ చూద్దాం. కిలో వెన్నకు 800 రూపాయల ధర అనుకుందాం. ఒక సభ్యురాలు 7 శాతం వెన్న ఉన్న గేదె పాలు 5 కిలోలు పోసింది. అందులో వెన్న 350 గ్రాములు. ఆమెకు రావలసినది 280 రూపాయలు. ఆమె వంతు నడుస్తుండగా లాప్‌టాప్ ఆగిపోయి, ఆ నమోదు నిలవకుండా పోతే 280 రూపాయలూ పోయినట్లే. కంగారులో 7కు బదులు 6 శాతం అని రాసినా 40 రూపాయలు తగ్గుతాయి. ఒకే నమోదు రెండుసార్లు పడితే ఆ నష్టం సంఘానికి, అంటే మిగిలిన సభ్యులందరికీ వస్తుంది.

రెండవది పాల నాణ్యత. అప్పుడే పిండిన పాలు సుమారు 37 డిగ్రీల వేడి మీద ఉంటాయి. అనుకూలమైన వేడిలో సూక్ష్మజీవులు 20, 30 నిమిషాలకు ఒకసారి రెట్టింపు కాగలవు. పాలను 4 డిగ్రీలకు చల్లబరచినప్పుడే వాటి పెరుగుదల బాగా తగ్గుతుంది. లాప్‌టాప్ కోసం ఎదురు చూస్తూ ఒక గంట సేపు పాలను ఎండలో నిలబెడితే, ఆ గంట మళ్లీ తిరిగి రాదు. అందుచేత మొదట పాల సంగతి చెప్పి, తరువాత లాప్‌టాప్ సంగతికి వస్తాము.

మధ్యలో ఆగిపోయినప్పుడు వెంటనే చేయవలసినవి

త్రాసుకు, మిల్క్ ఎనలైజర్‌కు వాటి సొంత తెరలు ఉంటాయి. లాప్‌టాప్ లేకపోయినా అవి బరువునూ, శాతాలనూ చూపిస్తూనే ఉంటాయి. కాబట్టి సేకరణ ఆపవలసిన అవసరం లేదు.

1. ఎవరి పాలు తూస్తుండగా ఆగిపోయిందో ఆ సభ్యుని నంబరు, సమయం మొదట కాగితం మీద రాయాలి. తరువాతి వారి పాత్ర తీసుకోవడం ఆ తరువాతే.

2. చేతిరాత రిజిస్టరు తీయాలి. సభ్యుని నంబరు, పేరు, పాల రకం, బరువు, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. ఈ వివరాలను తెరలపై చూసి, సభ్యుని ఎదుటే రాయాలి. చిన్న కాగితం మీద అవే అంకెలు రాసి సంతకం చేసి చీటీగా ఇవ్వాలి. త్రాసు కిలోలలో చూపిస్తున్నదా, లీటర్లలో చూపిస్తున్నదా అన్నది పేజీ పైన తప్పక రాసి ఉంచాలి. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు. రెండింటినీ కలగాపులగం చేస్తే లెక్క తేడా వస్తుంది.

3. ఎనలైజర్ కూడా పనిచేయకపోతే పాలను బాగా కలిపి, నంబరు వేసిన సీసాలో నమూనా తీసి ఉంచి, పాలను చల్లబరిచే కేంద్రానికి పంపివేయాలి. నమూనాలను చల్లని చోట ఉంచి అదే పూట పరీక్షించాలి.

4. లాప్‌టాప్‌ను వెంటవెంటనే ఆన్ చేయరాదు. కనీసం అరగంట చల్లారనివ్వాలి.

5. మళ్లీ ఆన్ చేసిన తరువాత ముందుగా చూడవలసినది చివరి నమోదు. ఆగిపోయిన సమయంలో ఉన్న సభ్యుని పాలు నమోదైనవా, లేదా అని చీటీతో సరిచూడాలి. నమోదు కాకపోతేనే ఎక్కించాలి. ఆ తరువాత చేతిరాత రిజిస్టరులోని వారిని వరుసగా ఎక్కించి, ఒక్కొక్కరి పేరు ఎదుట టిక్కు పెట్టాలి.

6. పూట ముగిసిన తరువాత లాప్‌టాప్‌లోని మొత్తం పాల బరువును క్యాన్లలోని లేదా బల్క్ కూలరులోని పాలతో సరిపోల్చాలి. తేడా కనిపిస్తే ఆ పూటే వెదకాలి. పది రోజుల తరువాత బిల్లు దగ్గర వెదికితే దొరకదు.

లాప్‌టాప్ ఎందుకు వేడెక్కుతుంది?

లాప్‌టాప్ ఎడాప్టరు మీద 45 వాట్లు, 65 వాట్లు అని రాసి ఉంటుంది. గట్టిగా పనిచేసేటప్పుడు లాప్‌టాప్ దాదాపు అంత విద్యుత్తునూ తీసుకోగలదు. అలా తీసుకున్న విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగా మారుతుంది. పూర్వం ఇళ్లలో వెలిగించిన 60 వాట్ల గుండు బల్బును పలకంత పెట్టెలో పెట్టి మూసినట్లు ఊహించుకుంటే, ఆ వేడి ఎంతటిదో తెలుస్తుంది.

ఈ వేడి ఎక్కువగా పుట్టేది ప్రాసెసర్ అనే చిన్న బిళ్లలో. దాని పైన పలుచగా ఒక పేస్టు పూసి, రాగి గొట్టాన్ని అదిమి ఉంచుతారు. గొట్టం రెండవ కొన వద్ద దువ్వెన పళ్ల వలె సన్నని లోహపు రేకులు ఉంటాయి. చిన్న ఫాను అడుగు నుంచి గాలిని పీల్చి ఆ రేకుల మధ్యగా బయటకు తోస్తుంది. వేడి ఆ గాలితో పోతుంది.

బల్క్ కూలరు ఉన్న సంఘాల వారికి ఈ ఏర్పాటు కొత్త కాదు. కూలరు వెనుక కండెన్సరు రేకులకు దుమ్ము పట్టితే వేడి బయటకు పోక కంప్రెసరు ట్రిప్ అవుతుంది. రేకులు శుభ్రం చేయగానే మళ్లీ నడుస్తుంది. లాప్‌టాప్‌లో జరిగేది కూడా ఇంచుమించు అదే.

చాలా రకాల ప్రాసెసర్లకు 95 నుంచి 105 డిగ్రీల మధ్య ఒక హద్దు ఉంటుంది. వేడి ఆ హద్దును సమీపించగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పుడు మనకు లాప్‌టాప్ నెమ్మదించినట్లు, చీటీ ఆలస్యంగా వస్తున్నట్లు కనిపిస్తుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే విద్యుత్తును పూర్తిగా ఆపివేస్తుంది.

సంక్రాంతికి బాగున్నది ఉగాదికి ఎందుకు ఆగిపోతుంది?

లాప్‌టాప్‌ను చల్లబరిచేది గదిలోని గాలి. గాలే వేడిగా ఉంటే చల్లబరిచే శక్తి తగ్గుతుంది. అంకెలతో చూస్తే ఇది బాగా తెలుస్తుంది. శుభ్రంగా ఉన్న ఒక లాప్‌టాప్ ఒక పని చేసేటప్పుడు, గది వేడి కంటే ప్రాసెసర్ వేడి 50 డిగ్రీలు ఎక్కువ ఉంటుందని అనుకుందాం. జనవరిలో గది 30 డిగ్రీలుంటే ప్రాసెసర్ 80 డిగ్రీల వద్ద ఉంటుంది. ఏప్రిల్‌లో రేకుల కప్పు కింద గది 44 డిగ్రీలైతే ప్రాసెసర్ 94 డిగ్రీలకు చేరుతుంది. ఇప్పటికీ నడుస్తుంది. కాని రేకులకు దుమ్ము పట్టి, ఆ 50 డిగ్రీల తేడా 60కి పెరిగిందనుకోండి. 44కు 60 కలిపితే 104. లాప్‌టాప్ ఆగిపోతుంది.

ఇందులో ఎండ మన చేతిలో లేదు. మన రాష్ట్రాలలో 45 డిగ్రీలు దాటే రోజులు కూడా వస్తాయి. అయితే చాలా కంపెనీలు తమ లాప్‌టాప్‌లను 35 డిగ్రీలు మించని గదిలో వాడమని పుస్తకంలో రాస్తాయి. ఎండను తగ్గించలేకపోయినా దుమ్మును తీయడం, గాలికి దారి ఇవ్వడం మన చేతిలోని పనులే.

పాల కేంద్రంలో దుమ్ము ఎక్కడిది?

చాలా సంఘాలలో పాలు తూచే గదిలోనే దాణా బస్తాలు నిలవ ఉంచుతారు. బస్తా దించినప్పుడల్లా, విప్పి కొలిచినప్పుడల్లా తవుడు, పిండి వంటి సన్నని పొడి గాలిలోకి లేస్తుంది. లాప్‌టాప్ ఫాను దానిని లోపలికి లాగుతుంది. తవుడులో నూనె అంశం ఉన్నందువల్ల అది రేకులకు జిగురుగా అంటుకుంటుంది. దానిపై రోడ్డు దుమ్ము, అగరువత్తుల పొగ, చిన్న పురుగుల రెక్కలు చేరి, కొంత కాలానికి ఫానుకూ రేకులకూ మధ్య దట్టమైన పొరగా పేరుకుంటాయి. ఫాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, గాలి మాత్రం బయటకు రాదు.

కాబట్టి మొదటి సలహా ఖర్చు లేనిది. దాణా బస్తాలను వేరే గదికి మార్చండి. వేరే గది లేకపోతే లాప్‌టాప్ బల్లను బస్తాలకు ఎదురు మూలకు, వీలైనంత దూరంగా జరపండి. బస్తాలు దించే వేళ లాప్‌టాప్‌ను ఆపి, గుడ్డ కప్పి ఉంచండి.

వేడి వల్లనేనా అని తెలుసుకోవడం ఎలా?

లాప్‌టాప్ ఆగిపోవడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. ఆగిపోయే తీరును గమనిస్తే తేడా తెలుస్తుంది.

కరెంటు పోయిన మరుక్షణమే ఆగిపోతే అది బ్యాటరీ దోషం. లాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా నడవాలి. అలా నడవకపోతే బ్యాటరీ పని అయిపోయిందని అర్థం.

వైరు కదిలినప్పుడు, లాప్‌టాప్‌ను పక్కకు జరిపినప్పుడు ఆగిపోతే ఎడాప్టరు పిన్నును, సాకెట్టును చూపించాలి.

బ్యాటరీ తక్కువగా ఉన్నదని ముందు చెప్పి ఆ తరువాత ఆగితే చార్జింగు ఎక్కడం లేదని గ్రహించాలి. ప్లగ్గును, ఎడాప్టరును, వోల్టేజిని పరీక్షించాలి.

నీలి రంగు తెర వచ్చి ఏదో సందేశం కనిపించి దానంతట అదే మళ్లీ మొదలైతే, ప్రోగ్రాములలో గాని మెమరీలో గాని దోషం ఉండవచ్చు. ఆ సందేశాన్ని ఫోనుతో ఫొటో తీసి మెకానిక్కుకు చూపాలి.

ఆన్ చేసిన 20, 30 నిమిషాల తరువాత ఫాను పెద్దగా మోగి, అడుగు భాగం కాలుతున్నట్లు అయి, పని నెమ్మదించి, ఒక్కసారిగా ఆగిపోతే వేడిని అనుమానించాలి. వెంటనే ఆన్ చేస్తే మొదటిసారి కంటే త్వరగా ఆగిపోవడం, అరగంట ఆగి ఆన్ చేస్తే మళ్లీ కొంతసేపు నడవడం, ఉదయం పూట కంటే సాయంత్రం పూట ఎక్కువగా ఆగడం వేడికి గట్టి గుర్తులు.

ఒక చిన్న పరీక్ష కూడా ఉన్నది. లాప్‌టాప్ నాలుగు మూలల కింద సమానమైన చిన్న చెక్క ముక్కలు పెట్టి, ఒక అంగుళం ఎత్తు లేపి, బల్ల ఫాను గాలి దాని అడుగుకు తగిలేలా పెట్టండి. రోజూ ఆగిపోయే లాప్‌టాప్ ఆ పూట ఆగకుండా నడిచిందంటే కారణం దాదాపు తేలినట్లే. కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యు మానిటర్ వంటి ఉచిత ప్రోగ్రాములు ప్రాసెసర్ వేడిని అంకెలలో చూపుతాయి. తెలిసినవారి చేత వాటిని వేయించుకోవచ్చు. మామూలు పనిలోనే 90 డిగ్రీలు దాటి నిలుస్తుంటే శుభ్రం చేయవలసిన సమయం వచ్చింది.

విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అనే నమోదు కనిపించవచ్చు. లాప్‌టాప్ సరైన పద్ధతిలో మూయకుండా ఆగిపోయిందని మాత్రమే దాని అర్థం. కారణం ఏమిటో అది చెప్పదు. అయితే ఏ రోజు ఎన్ని గంటలకు ఆగిందో తెలుసుకోవడానికి పనికివస్తుంది. దీనితో పాటు ఒక చిన్న పుస్తకంలో ఆగిన తేదీ, సమయం, ఆన్ చేసి ఎంతసేపయింది, కరెంటు ఉన్నదా లేదా అన్నవి రాసి ఉంచండి. మెకానిక్కుకు ఆ పుస్తకం ఎంతో ఉపకరిస్తుంది.

కేంద్రంలోనే చేసుకోదగిన పనులు

మొదటిది, స్థానం. లాప్‌టాప్‌ను గట్టి బల్ల మీద, నీడలో, గోడకు కనీసం జానెడు దూరంలో ఉంచాలి. దాణా బస్తా మీద, గోనె మీద, దిండు మీద, పుస్తకాల మీద పెడితే అడుగున గాలి పీల్చే రంధ్రాలు మూసుకుపోతాయి. కిటికీలోంచి పడమటి ఎండ నేరుగా పడే చోట ఉంచరాదు.

రెండవది, కప్పే గుడ్డ. దుమ్ము పడకూడదని కొందరు లాప్‌టాప్ నడుస్తుండగానే గుడ్డ గాని ప్లాస్టిక్ కవరు గాని కప్పుతారు. ఆపి, చల్లారిన తరువాతనే కప్పాలి. అలాగే పని ముగిశాక మూత మూసి ఊరుకోకుండా, పూర్తిగా షట్ డౌన్ చేసి ఆ తరువాతనే సంచిలో పెట్టాలి. మూత మూసినా కొన్నిసార్లు లోపల పని నడుస్తూనే ఉంటుంది. సంచిలో అది మరింత వేడెక్కుతుంది.

మూడవది, పైపై శుభ్రం. నెలకొకసారి షట్ డౌన్ చేసి, ఎడాప్టరు తీసి, బ్యాటరీ ఊడివచ్చే రకమైతే దానిని కూడా తీసి, వరండాలోకి తీసుకుపోవాలి. పొడి మెత్తని రంగు బ్రష్షుతో రంధ్రాల వద్ద దుమ్ము తుడవాలి. చేతితో నొక్కే రబ్బరు బ్లోయరుతో కొద్దికొద్దిగా ఊదాలి. నోటితో ఊదితే తడి పోతుంది. పంక్చర్ షాపులోని గాలి గొట్టం అసలే వాడరాదు. ఆ గాలి వేగం ఎక్కువ, అందులో నీటి తుంపర, నూనె కూడా ఉంటాయి. గట్టి గాలికి ఫాను అతివేగంగా తిరిగి దెబ్బతింటుంది.

నాలుగవది, అనవసరపు పని తగ్గించడం. పాల లెక్క ప్రోగ్రాముకు ప్రాసెసర్ శక్తి చాలా తక్కువ సరిపోతుంది. అది ఒక్కటే నడుస్తున్నా లాప్‌టాప్ వేడెక్కుతుంటే వేరే ఏదో పని లోపల జరుగుతున్నదేమో చూడాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో ఏ ప్రోగ్రాము ఎంత శాతం వాడుతున్నదో కనిపిస్తుంది. పాలు పోసే వేళ వీడియోలు, సినిమాలు నడపరాదు. విండోస్ సెట్టింగులలోని యాక్టివ్ అవర్స్‌లో సేకరణ వేళలు చేరేలా పెట్టాలి. వైరస్ పరీక్షను సేకరణ లేని వేళకు మార్చుకోవాలి.

ఐదవది, వేగానికి హద్దు. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి 100 శాతం అని ఉంటుంది. దానిని 99కి తగ్గిస్తే చాలా లాప్‌టాప్‌లలో ప్రాసెసర్ అదనపు వేగానికి పోకుండా ఉంటుంది, వేడి తగ్గుతుంది. పాల చీటీ రావడంలో తేడా తెలియదు. కొన్ని లాప్‌టాప్‌లలో ఈ వీలు కనిపించకపోవచ్చు.

చేయకూడని పనులు

వేడి తగ్గాలని తడి గుడ్డ కప్పడం, మంచు ముక్కలు దగ్గర పెట్టడం, ఫ్రిజ్‌లో ఉంచడం ప్రమాదకరం. చల్లని వస్తువు మీద గాలిలోని తేమ నీరై చేరుతుంది. ఆ నీరు లోపలి సర్క్యూట్లను కాల్చివేస్తుంది. బల్క్ కూలరు మూత చల్లగా ఉన్నదని లాప్‌టాప్‌ను దాని మీద పెట్టడం కూడా ఇటువంటిదే. అక్కడ నీరు, పాల తుంపర రెండూ ఉంటాయి.

గెర్బర్ పరీక్షకు వాడే సల్ఫ్యూరిక్ ఆమ్లం, అమైల్ ఆల్కహాల్ సీసాలు లాప్‌టాప్ బల్ల మీద ఉండరాదు. ఆల్కహాల్ అన్న పేరు చూసి అమైల్ ఆల్కహాల్‌తో లాప్‌టాప్ తుడవరాదు. మెకానిక్కులు శుభ్రానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేరు.

లాప్‌టాప్ అడుగు ఉబ్బినట్లు, మీటల భాగం పైకి లేచినట్లు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందని గుర్తించాలి. వెంటనే ఆపి, చార్జింగు తీసివేసి, నిప్పుకు దూరంగా ఉంచి మెకానిక్కుకు చూపించాలి. దానిని నొక్కడం, గుచ్చడం చేస్తే మంటలు లేవవచ్చు.

మెకానిక్కు చేయవలసిన పని

పైన చెప్పినవన్నీ చేసినా ఆగిపోతుంటే మూత విప్పించక తప్పదు. వారంటీ ఉన్న లాప్‌టాప్ అయితే ముందుగా కంపెనీ సర్వీసు వారినే అడగాలి. మెకానిక్కును మూడు పనులు చేయమని చెప్పండి. ఫానుకూ రేకులకూ మధ్య పేరుకున్న దుమ్ము పొరను పూర్తిగా తీయడం, ఫాను సరిగా తిరుగుతున్నదో లేదో చూసి, అరిగి ఉంటే మార్చడం, ప్రాసెసర్ మీది ఎండిపోయిన పేస్టును తుడిచి కొత్తది పూయడం. ఈ పేస్టు కొన్ని సంవత్సరాలకు ఎండిపోయి వేడిని సరిగా అందించదు.

లాప్‌టాప్‌ను ఇచ్చే ముందు పాల లెక్కలన్నీ పెన్ డ్రైవ్‌లోకి తప్పక తీసుకోవాలి. తిరిగి తెచ్చుకునేటప్పుడు అక్కడే ఒక గంట నడిపి చూడాలి. పాత ఫానును, పాత భాగాలను చూపించమని అడగడంలో తప్పులేదు.

కొత్త లాప్‌టాప్ కొనాలని తీర్మానం చేసే ముందు పాతదానికి ఈ మూడు పనులు జరిగినవా అని పాలకవర్గం విచారించాలి. దుమ్ము గదిలో, దాణా బస్తాల పక్కన పెడితే కొత్తది కూడా కొంత కాలానికి ఇదే స్థితికి వస్తుంది.

సంవత్సరంలో రెండు పర్యాయాలు

శివరాత్రి నాటికి, అంటే ఎండలు ముదరక ముందే, ఒకసారి లోపలి శుభ్రం చేయించాలి. దసరా తరువాత, వానల తేమ పోయాక, రెండవసారి చూపించాలి. బల్క్ కూలరు కండెన్సరు శుభ్రం చేయించే రోజునే లాప్‌టాప్‌ను కూడా చేయిస్తే మరచిపోయే వీలుండదు. ఆ తేదీని స్టాకు రిజిస్టరులో లాప్‌టాప్ పేరు ఎదుట రాయాలి.

ప్రతి పూట చివర పూట మొత్తాన్ని ముద్రించి ఫైలులో పెట్టడం, ప్రతి రోజూ లెక్కలను పెన్ డ్రైవ్‌లోకి తీయడం కార్యదర్శి మానకూడదు. వేడికి పదేపదే ఆగిపోయే లాప్‌టాప్‌లో నిలవ ఉన్న లెక్కలు కూడా చెడిపోయే ప్రమాదం ఉన్నది. ఆ పెన్ డ్రైవ్ లాప్‌టాప్ సంచిలో కాక, సంఘం బీరువాలో ఉండాలి.

సభ్యులు అడగవలసిన నాలుగు ప్రశ్నలు

ఒకటి, నా చీటీ ఏది? చీటీ తీసుకోకుండా ఏ పూటా కేంద్రం నుంచి కదలవద్దు. చేతిరాత చీటీ అయినా సరే.

రెండు, చేతిరాత రిజిస్టరు సిద్ధంగా ఉన్నదా? లాప్‌టాప్ ఆగిపోయిన తరువాత పుస్తకం కోసం వెదకడం ఇల్లు కాలుతుండగా బావి తవ్వినట్లే.

మూడు, ధరల పట్టిక గోడ మీద ఉన్నదా? ఉంటే లాప్‌టాప్ లేని పూట కూడా ఎవరి ధర వారు సరిచూసుకోవచ్చు.

నాలుగు, లాప్‌టాప్ చివరిసారి ఎప్పుడు శుభ్రం చేయించారు? ఈ ప్రశ్న సర్వసభ్య సమావేశంలో అడగదగినదే.

1946లో గుజరాత్‌లోని ఖైరా జిల్లాలో పాల ఉత్పత్తిదారుల సంఘం ఏర్పడింది. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ ద్వారా ఆనంద్ పద్ధతి దేశమంతటా విస్తరించింది. పోసినవారి ఎదుటే తూచి, ఎదుటే పరీక్షించి, దాని ప్రకారం ధర కట్టడం ఈ సంఘాలకు పునాది. లాప్‌టాప్ ఆ పనిని త్వరగా, తప్పులు లేకుండా చేయడానికి వచ్చిన సాధనం. అది ఒక పూట ఆగినా, సభ్యుని ఎదుట తూచి రాసే పద్ధతి ఆగకూడదు.

ఈ పాఠాన్ని రాబోయే పాలకవర్గ సమావేశంలో చదివి వినిపించి, లాప్‌టాప్ ఉంచే చోటును, చేతిరాత రిజిస్టరును, శుభ్రం చేయించే తేదీని తీర్మానంగా రాసుకోవలసిందిగా సంఘాల అధ్యక్షులను, కార్యదర్శులను కోరుతున్నాము.